ఊపిరి యాడ తీసుకుంటాడు? కడపలో ఆర్కెస్ట్రా రాస్తూ ఆరు వారాలు

2026 డిసెంబర్‌లో రావాల్సిన హాలీవుడ్ సినిమా 'డ్యూన్' మూడో భాగానికి సంగీతం ఎలా ఉండబోతుందన్నది మా నలుగురి మధ్య ఇంకా తెగని వాదన. సాయంత్రం కడప ఏడు రోడ్ల దగ్గర టీ గ్లాసు పట్టుకుంటే చాలు, మొదలవుతుంది. మా బావది ఒకటే మాట: "సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ మొదటి భాగంలోనే మామూలు ఆర్కెస్ట్రాను పక్కన పెట్టేశాడు. ఇప్పుడు వయొలిన్లు, హార్న్‌లు కావాలంటే ఎట్లా?"

ఆయన మాటలో బలం ఉంది. 2021లో వచ్చిన మొదటి భాగం కోసం 21 అడుగుల కొమ్ము వాయించారు. మన జాతర్లలో ఊదే కొమ్మును ఎన్ని రెట్లు పొడుగు లాగాలో ఊహించుకోండి. స్కాట్లాండ్‌లో ఒక పాత చర్చిలో 30 మంది చేత బ్యాగ్‌పైపులు వాయించి రికార్డ్ చేశారు. లోయిర్ కాట్లర్ అనే గాయని గొంతులో మన దక్షిణాది కొన్నక్కోల్ (నోటితో తాళపు జతులు పలకడం) ఛాయలు కూడా ఉన్నాయి. ఆ సంగీతానికి 2022లో ఆస్కార్ వచ్చింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ మూడో భాగం కథ యుద్ధం గెలిచినవాడు ఏం పోగొట్టుకున్నాడన్నది. ఆ బరువును మోయడానికి నిదానంగా కదిలే హార్న్‌లు (చుట్ట తిరిగిన ఇత్తడి కొమ్ములు), చెల్లోలు (పెద్ద వయొలిన్ లాంటివి) కావాలని నా నమ్మకం.

"నోటితో చెప్తే నేను నమ్మను, రాసి వినిపించు" అన్నాడు బావ. అలా మొదలైంది ఈ పని. రెండు నిమిషాల ముక్క, నా సొంత థీమ్ (మళ్లీ మళ్లీ వచ్చే ముఖ్యమైన వరస), పూర్తి ఆర్కెస్ట్రా.

నా దగ్గర ఉన్నవి: 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్‌కి తగిలించే 49 మెట్ల మిడి కీబోర్డ్, ఒక మంచి హెడ్‌ఫోన్. స్వరాలు రాసి వినడానికి సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ 4, ఉచితం. దానికి మ్యూజ్ సౌండ్స్ అనే వాద్యాల శబ్దాలు కూడా ఉచితంగానే దొరుకుతాయి, కాకపోతే చాలా పెద్ద ఫైళ్లు. ఫోన్ డేటాతో ఒక్కో విభాగం దించుకోవడానికే మొదటి వారం సరిపోయింది. చిన్నప్పుడు నేర్చుకున్న సరళీ స్వరాలు, జంట స్వరాలు తప్ప నాకు శాస్త్రం తెలియదు.

రెండో వారం అంతా ల్యాప్‌టాప్‌తోనే గొడవ. అన్ని విభాగాలూ ఒకేసారి తెరిస్తే నాలుగో బార్ (తాళం ఒక చుట్టు) దగ్గర ఆగిపోయేది. తర్వాత తెలిసిన దారి ఇది: రాసేటప్పుడు మిక్సర్‌లో అన్ని వాద్యాలనూ ఎంఎస్ బేసిక్ అనే తేలికపాటి శబ్దానికి మార్చుకోవాలి. వినాలనుకున్న విభాగాన్ని మాత్రమే మ్యూజ్ సౌండ్స్‌కి మార్చాలి. ఇంకో మాట, మే నెల కడప ఎండలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోతకి మెల్లని స్వరాలు వినపడవు. అందుకే తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటున్నాను.

మూడో వారంలో అసలు పాఠం మొదలైంది. గంభీరంగా ఉండాలని కింది స్థాయిలో చెల్లోలు, ట్రాంబోన్‌లు, ట్యూబా అనే ఇత్తడి వాద్యాలు అన్నిటికీ దగ్గర దగ్గర స్వరాలు ఇచ్చాను. వింటే బురద. ఏ స్వరమూ తేలదు. పైగా చెల్లో కంటే పెద్దదైన డబుల్ బేస్ స్వరాలు తెర మీద ఎర్రగా మారాయి. డబుల్ బేస్ రాసినదానికంటే ఒక స్థాయి కిందే పలుకుతుందని నాకు తెలియదు. నేనే ఇంకో స్థాయి దించి రాశాను, ఆ వాద్యానికి అందనంత కిందికి పోయింది. చెల్లో వరసనే కాపీ చేసి పెడితే సరిపోయేది.

బురద పోయింది మాత్రం తంబూర వల్ల. ఫోన్‌లో తంబూర శ్రుతి పెట్టుకుని కళ్లు మూసుకుని వింటే కింద షడ్జం, దాని పైస్థాయి షడ్జం, ఆ పైన పంచమం, మళ్లీ షడ్జం, ఆ పైన ఎవరూ మీటకుండానే పలికే గాంధారం. కింద దూరం దూరంగా, పైకి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా. ఆర్కెస్ట్రాలో కూడా స్వరాలను అలాగే పేర్చాలి. బేస్‌కి షడ్జం, చెల్లోకి పై షడ్జం, ట్రాంబోన్‌కి పంచమం, గాంధారం హార్న్‌కి వదిలేశాను. వాద్యాలు అవే, శబ్దం పెంచలేదు, కానీ గదంతా నిండింది. ఆ రోజు పొద్దున నాకు కలిగిన ఆనందం చెప్పలేను.

తాళం ఐదు దెబ్బలది. తక తకిట, మన ఖండ చాపు నడకే. నిమిషానికి 60 దెబ్బల వేగంలో ఒక్కో బార్ ఐదు సెకన్లు, 24 బార్లకి రెండు నిమిషాలు. ఇంగ్లండ్ స్వరకర్త హోల్స్ట్ 1914లో రాసిన 'మార్స్' కూడా ఐదే, దాంట్లో తీగవాద్యాలవాళ్లు కమాను కర్రతో తీగల మీద కొడతారు. ఆయన చనిపోయింది 1934లో, కాబట్టి ఆ స్కోర్‌ను (స్వరాలు రాసిన కాగితాలను) ఎవరైనా ఉచితంగా చూసి నేర్చుకోవచ్చు. నేను మూడు రోజులు దాన్నే పెట్టుకుని కూర్చున్నాను.

నాలుగో వారం హార్న్ వరస రాశాను. ఎనిమిది బార్లు, ఒకే గీతలా సాగిపోయే పాట. నాకు చాలా నచ్చింది. మా వీధి చివర పెళ్లిళ్లకు సన్నాయి వాయించే పెద్దాయన ఉంటాడు. వెళ్లి హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టాను. చివరిదాకా విన్నాడు. "బాగుంది. అయితే ఇది వాయించేటోడు మనిషేనా నాయనా? ఊపిరి యాడ తీసుకుంటాడు?"

లెక్క వేసుకుంటే నలభై సెకన్లు. కంప్యూటర్‌కి ఊపిరితో పని లేదు కాబట్టి నాకు తట్టనే లేదు. ఆయన సన్నాయి తీసి చూపించాడు. శ్రుతి పట్టే ఒత్తు వాయించేవాడు బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీల్చుకుంటూ ఆపకుండా పలికిస్తాడు. పాట నడిపేవాళ్లు మాత్రం ఇద్దరు ఉంటే ఒకరు ఆగేలోపే ఇంకొకరు అందుకుంటారు. "ఆ అందుకునే తావే పాటకు అందం" అన్నాడు.

ఆర్కెస్ట్రాలో మామూలుగా నాలుగు హార్న్‌లు ఉంటాయి. ఒకటి, మూడు పై స్వరాలకు, రెండు, నాలుగు కింది స్వరాలకు. ఇంటికొచ్చి పాటను రెండేసి బార్లుగా కోసి ఒకటో హార్న్‌కీ మూడో హార్న్‌కీ పంచాను. ఒకరి చివరి స్వరం మీద ఇంకొకరు మెల్లగా మొదలుపెడతారు. ఇంకొకటి గుర్తుంచుకోవాలి, హార్న్‌కి రాసే స్వరం వినిపించేదానికంటే పంచమం అంత పైన ఉంటుంది. మ్యూజ్‌స్కోర్‌లో కాన్సర్ట్ పిచ్ బటన్ నొక్కి పెట్టుకుంటే వినిపించేదే కనిపిస్తుంది. అది తెలియక ఒక పూట పోగొట్టుకున్నాను.

కొత్త వరసను టీ కొట్టు దగ్గర బావకి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదటి భాగంలోని గొంతును మళ్లీ పెట్టి, "ఈమె ఊపిరి తీసుకునే శబ్దాన్ని కూడా దాచలేదు చూడు" అన్నాడు. ఇన్నాళ్లూ ఆర్కెస్ట్రా ఉందా లేదా అని కొట్టుకున్నాం. ఇప్పుడు ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరు అందుకున్నారు అని వింటున్నాం.

ఒక్క విషయంలో మాత్రం ఇంకా కుదరలేదు. రెండో భాగంలో పాత సంగీతం ఎక్కువుందని ఆస్కార్ పోటీకి తీసుకోలేదు. అందుకని మూడోదాంట్లో పాత థీమ్‌లు తగ్గించేస్తారని బావ అంటాడు. నాకు ఆ నిబంధనే నచ్చదు. ఒకే కథ సాగుతున్నప్పుడు పాత థీమ్ మారి, కుంగి, వయసు మీదపడినట్టు వినిపించడమే కదా కొత్త సంగీతం! ట్రైలర్ వింటే తేలుతుందని మా తమ్ముడు అంటాడు గానీ, ట్రైలర్‌కి వేరేవాళ్లు సంగీతం చేయడం మామూలే. దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

ప్రస్తుతం 24 బార్లలో 17 అయ్యాయి. డప్పు వాద్యాలు ఇంకా పెట్టలేదు, టింపానీ (పెద్ద నగారా లాంటిది) ఒక్కటి చాలనిపిస్తోంది. ఈ ఆదివారం పెద్దాయన ఇంటికి మళ్లీ వెళ్తున్నాను. పద్దెనిమిదో బార్‌లో హార్న్‌లు ఆగి చెల్లోలు పాటను అందుకోవాలి. అక్కడ ఎంత సందు వదలాలో ఆయన్ని సన్నాయి మీద పలికించి చూపించమని అడుగుతాను.