నా అనుభవం: సౌండ్‌బార్ వచ్చింది, పుస్తకం రాలేదు

నిన్న రాత్రికి మా సౌండ్‌బార్, అంటే టీవీకి కలిపే పొడుగాటి స్పీకర్, మోగింది. తిరుపతి గాంధీ రోడ్డులో కొనడం, బైరాగిపట్టెడలో మా ఇంటికి తేవడం, గోడకు బిగించడం ఒక్క పూటలో అయిపోయాయి. టీవీ శబ్దాన్ని అందులోకి రప్పించడమే ప్రాణం తీసింది.

వాడే తీరు చెప్పే పుస్తకం (మాన్యువల్) బదులు పెట్టెలో ఉన్నది విప్పితే దుప్పటంత కాగితం. తడి తగలనివ్వకండి, ఎండలో పెట్టకండి అని ఎన్నో భాషల్లో ఉంది, తెలుగు లేదు. పని చెప్పేవి మాత్రం టీవీ, తీగ, సౌండ్‌బార్ బొమ్మలే. అలాగే కలిపాను. శబ్దం రాలేదు, ముందువైపు తెల్ల దీపం మిణుకుమంటోంది. దాని అర్థం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ‘మాన్యువల్ చూడండి సార్’ అన్నారు. చూస్తే, సహాయ కేంద్రాన్ని సంప్రదించమని అందులో రాసి ఉంది! దుకాణానికి వెళితే అక్కడి కుర్రవాడు నలుగురి ముందు ‘మీ అబ్బాయిని అడగండి అంకుల్, యూట్యూబ్‌లో ఉంటుంది’ అన్నాడు. ఉద్యోగమంతా విద్యుత్ శాఖలో సర్క్యూట్ చిత్రాలు చదివినవాణ్ని. ఒళ్లు మండిపోయింది. తెలియకపోవడం నా లోపమా? చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

మా నాన్నగారి ఆంప్లిఫయర్‌తో వచ్చిన పుస్తకంలో స్పీకర్ ఎన్ని ఓమ్‌లుండాలో, ఏ ఫ్యూజు వేయాలో ఉండేది. చివర సర్క్యూట్ చిత్రం కూడా. చిత్తూరులో రేడియో మెకానిక్ దాన్ని ముందు పెట్టుకునే బాగుచేసేవాడు.

చివరికి కంపెనీ వెబ్‌సైట్‌లో పూర్తి మాన్యువల్ వెతికి పట్టుకున్నాను. ‘టీవీలో సీఈసీ ఆన్ చేయండి’ అని ఒక్క వాక్యం. సీఈసీ అంటే తీగతో కలిపిన పరికరాలు ఒకదాని ఆదేశాలు ఒకటి అందుకునే ఏర్పాటు. నా టీవీ మెనూలో ఆ మాటే లేదు! ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. నేను కలిపిన తీగ హెచ్‌డీఎంఐ, బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసేది. టీవీ శబ్దాన్ని అదే తీగలో సౌండ్‌బార్‌కు వెనక్కి పంపే ఏఆర్‌సీ పద్ధతి 2009లో హెచ్‌డీఎంఐ ప్రమాణం 1.4తో వచ్చింది. ఇన్నేళ్లయినా దాన్ని వాడే తీరు నాలుగు వాక్యాల్లో రాసివ్వలేరా? సీఈసీ ఆన్ చేసి, టీవీ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎం అనే సాదా డిజిటల్ శబ్ద రూపానికి మార్చగానే ఎస్వీబీసీలో వస్తున్న అన్నమయ్య కీర్తన గదంతా వినిపించింది.

చాలా టీవీల్లో ఏఆర్‌సీ ఒక్క సాకెట్‌కే ఉంటుంది, పక్కన ఆ అక్షరాలు చూసి తీగ పెట్టండి. కుదరకపోతే ఆప్టికల్ తీగ వాడండి. అది శబ్దాన్ని మోస్తుంది గానీ రిమోట్ ఆదేశాలను మోయదు. కొనేముందే పూర్తి మాన్యువల్ దించుకుని చదవండి, అది దొరకని సరుకు కొనకండి. దుకాణంవాళ్లు టీవీకి కలిపి మోగించి చూపేదాకా డబ్బు ఇవ్వకండి.