ఆల్టోలకి సోలో లేదు

మన బడి 97 పదో తరగతి బ్యాచ్ రీయూనియన్ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు సంక్రాంతి నుంచీ నా వెంట పడుతున్నారు. పచ్చ డబ్బా గురించి, లెక్కల సార్ కిటికీ గురించి, భీమిలి పిక్నిక్‌లో తంబూరా చేసిన పని గురించి ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు. నేను 1997 ఫిబ్రవరి 2 గురించే రాస్తాను, ఏమనుకోకండి. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా నాకు పెద్దగా ఏమీ గుర్తు లేదు. తొమ్మిదిలో పాటల మాస్టారు వచ్చారు, అక్కడి నుంచి అన్నీ గుర్తే.

వియన్నా సంగీతకర్త షూబర్ట్ పుట్టి ఆ జనవరి 31కి రెండు వందల ఏళ్లు. ఆ ముక్క విశాఖ ఓల్డ్ టౌన్ మొత్తానికి మాస్టారు ఒక్కరికే పట్టింది. మర్నాడు కాక ఆ మర్నాడు ఆదివారం, పైగా కొవ్వొత్తుల పండుగ. ఫాదర్ దగ్గరికెళ్లి, ఆ రోజు పాట పూజకి షూబర్ట్ జీ మేజర్ మాస్ (పూజలో కీరియె నుంచి ఆగ్నుస్ దేయి దాకా వరసగా వచ్చే పాటలు) పాడతామని ఒప్పించి వచ్చారు. మనకేమో మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఇళ్లలో ఎంత గొడవైందో మీకు తెలుసు. "పద్దెనిమిదేళ్ల కుర్రాడు, వాళ్ల నాన్న బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పుతూ, వారం తిరక్కుండా రాసేశాడర్రా దీన్ని. మీరు రెండు నెలల్లో పాడలేరా?" అన్నారు మాస్టారు. 1815 మార్చి 2న మొదలుపెట్టి 7కి ముగించాడట. ఆ తేదీలు బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశారు.

నల్లబల్ల నిండా తెలుగు లిపిలో లాటిన్, గ్రీకు మాటలు, వాటి నెత్తిన డో రే మీలు. "కీరియె ఎలెయిసోన్" అని ఆయన రాసిన గుండ్రటి అక్షరాలు నా లాంగ్ నోట్‌బుక్‌లో అలాగే ఎక్కించుకున్నాను. అచ్చులు నోరారా పలకడం తెలుగు పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదనేవారు.

రాసింది తీగ వాద్యాలకి, ఆర్గన్‌కి. మనకున్నది హార్మోనియం. అందుకని విజయనగరం సంగీత కళాశాల నుంచి ఇద్దరు వయొలిన్ అన్నయ్యల్ని తీసుకొచ్చారు. 1919లో పెట్టిన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు, అక్కడి పిల్లల చేత షూబర్ట్ వాయించాలని ఇంకెవరికి తడుతుంది చెప్పండి! వాళ్లకి ఆ పాశ్చాత్య నొటేషన్ రాదు. మాస్టారు రాత్రంతా కూర్చుని రెండు వయొలిన్ల భాగాల్నీ స రి గ మల్లో రాసిచ్చారు. వాళ్లు గుడి మేడ మీద చాప పరుచుకుని, స-ప-స-ప శ్రుతి నుంచి తీగలు మార్చుకుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి వాయించారు. రిహార్సల్‌లో చెయ్యి ఊరుకోక కాస్త గమకం పడితే మాస్టారు కళ్లు మూసుకుని, "వద్దు నాన్నా, స్వరం ఎక్కడుందో అక్కడే నిలబెట్టు" అనేవారు.

ఇక మన ఆల్టోల, అంటే ఆడపిల్లల్లో కింది స్థాయి గొంతుల సంగతి. ఆ మాస్‌లో సోలోలు మూడు గొంతులకే, సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు), టెనర్ (మగవాళ్ల పై గొంతు), బాస్ (మగవాళ్ల కింది గొంతు). బెనెదిక్తుస్‌లో సొప్రానో ఎత్తుకున్న పాటనే టెనర్ అందుకుంటాడు, తర్వాత బాస్ వచ్చి కలుస్తాడు, అంతసేపూ ఆల్టోలం నోరు మూసుకుని నిలబడాలి. నేను అలిగాను. రెండు రోజులు ప్రాక్టీసుకి వెళ్లలేదు. మాస్టారు ఇంటికొచ్చి, మా అమ్మ ఇచ్చిన టీ తాగి, ఏ మాటా అనకుండా నన్ను హార్మోనియం దగ్గర కూర్చోబెట్టి ఆగ్నుస్ దేయిలో "మిసెరేరె నోబిస్" కోరస్ వాయించారు. ముందు ఆల్టో స్వరం తీసేసి, తర్వాత కలిపి. ఉప్పు లేని పప్పుకీ ఉన్న పప్పుకీ ఉన్నంత తేడా. మర్నాడే వెళ్లాను.

క్రేడో అంతా నేర్చుకుని కూడా పూజలో పాడలేదు, గుర్తుందా? షూబర్ట్ తన మాస్‌లన్నిటిలోనూ శ్రీసభను (కతోలిక సంఘాన్ని) విశ్వసిస్తున్నానని చెప్పే వాక్యం వదిలేశాడు, ఎందుకన్నది ఇప్పటికీ పండితులు తేల్చలేదు. "పూజ మన కోసం ఆగదు, మనమే పూజ కోసం ఉన్నాం. విశ్వాస ప్రమాణం పూర్తిగా ఉండాలి" అని మాస్టారు, ఫాదర్‌తో పాటు అందరం తెలుగులోనే చెప్పేలా చేశారు. బాసులు ఎంత ఏడ్చారో! ఆ మెత్తటి నడక వాళ్లకి ప్రాణం.

మాస్టారు బలిపీఠానికి వీపు పెట్టి మాకు చెయ్యి చూపించాలి కదా, అందుకని స్తంభానికి మేకు కొట్టి గడ్డం గీసుకునే అద్దం తగిలించారు. అందులో ఫాదర్ చేతులు చూస్తూ ఉండేవారు. సాంబ్రాణి పొగలో అద్దం మసకబారితే తుడవడం పొట్టి డ్యూటీ. సాంక్తుస్ ముందు హార్మోనియం మీద ఒక్క స్వరం, అంతే, మేడ అదిరింది. గ్లోరియా అవగానే కింద ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోతే ఆయన వేలు నోటికి అడ్డంగా పెట్టారు. అప్పటి నుంచి చివరి దీవెన దాకా ఒక్క చప్పట్లేదు, జనం చేతుల్లో కొవ్వొత్తులతో అలా నిలబడిపోయారు. పూర్ణా మార్కెట్ నుంచి వచ్చే చేపల అవ్వ మెట్ల దగ్గర మమ్మల్ని ఆపి, "అర్థం అవలేదు గానీ ఏడుపొచ్చిందమ్మా" అంది.

తర్వాత ఇంటర్, బీఎస్సీ, పెళ్లి. ఇప్పుడు వియన్నాలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను, మా వారు, పాప, అందరం బాగున్నాం. ఇక్కడి ఒక గుడి గాయక బృందంలో ఆల్టో పాడతాను. పోయినేడు లిచ్‌టెన్‌టాల్ గుడిలో ఆదివారం పూజకి ఇదే మాస్ పాడే అవకాశం వచ్చింది. 1797లో షూబర్ట్‌కి జ్ఞానస్నానం ఇచ్చిన గుడి అది. అక్కడి పాటల మాస్టారు మిఖాయెల్ హోల్జరే అతనికి చిన్నప్పుడు పాటా, ఆర్గనూ నేర్పింది. ఊరి గుడి మాస్టార్లు ఎక్కడైనా గొప్పవాళ్లే. వీళ్లు మనలా "ఆన్యుస్" అనరు, "ఆగ్నుస్" అంటారు, "చేలీ"ని "త్సేలీ" అంటారు, నా నోరు తిరగడానికి కొంచెం టైం పట్టింది. మొదటి రిహార్సల్ అయ్యాక కండక్టర్ నన్ను ఆపి, కాగితం చూడకుండా పాడుతున్నావు, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. విశాఖపట్నం అని చెప్పి, మ్యాప్ తెరిచి చూపించాను.

కమిటీ వాళ్లూ, నా నోట్‌బుక్ ఆల్టో పేజీలు స్కాన్ చేసి గ్రూపులో పెట్టాను. సొప్రానో పుస్తకం గుండమ్మ దగ్గర ఉందట. బాస్ ఎవరి దగ్గరుందో వెతకండి, లేకపోతే ఇక్కడి ప్రతి చూసి నేనే రాసి పంపుతాను. రీయూనియన్ పూజలో కీరియె, సాంక్తుస్ రెండైనా పాడాలి, అందుకని టెనర్లు ముందు రోజే దిగండి. మాస్టారు వస్తానన్నారు. మేడ మెట్లు ఆయన ఎక్కలేరు కాబట్టి, ఫాదర్‌ని అడిగి ఈసారి మనం కిందే, ముందు బెంచీల పక్కన నిలబడదాం.