ప్లేటు తీయడం చిన్న ఆపరేషనేనా?

దేవరకొండ వైపు ఉండే మా అన్న కొడుకుకు బడి వయసులో తొడ ఎముక విరిగితే లాకింగ్ ప్లేటు (స్క్రూలు ఎముకతో పాటు ప్లేటు రంధ్రాల్లోనూ మరలతో బిగుసుకునే లోహపు పట్టీ) వేశారు. ఎముక చక్కగా అతికింది. ఆ తర్వాత పరీక్షలో, పత్తి పనులో ఏవో ఒకటి అడ్డం వస్తూ, ప్లేటు తీయించడం వాడు ఇంటర్‌లో చేరేదాకా వాయిదా పడింది. నల్లగొండలో ఉదయం మొదలైన ఆపరేషన్ మధ్యాహ్నం దాటినా ముగియలేదు. ప్లేటు వచ్చింది కానీ ఒక స్క్రూ ముక్క ఎముకలోనే మిగిలింది.

మా పెద్దవాళ్లు వెంటనే ఫ్లోరైడ్ నీళ్లను తిట్టారు. ఈ జిల్లాలో ఎముకల మాట ఎత్తితే ఆ అనుమానం సహజమే; ఫ్లోరోసిస్ ముదిరితే ఎముక గట్టిపడే మాటా నిజమే. కానీ వీడి ఎక్స్‌రేలో ఆ ఛాయలేవీ లేవని డాక్టరు చెప్పారు.

అసలు చిక్కు వేరు. ఎదిగే పిల్లల్లో ఎముక పైపొర చాలా చురుకుగా ఉంటుంది కనుక, కాలం గడిచేకొద్దీ కొత్త ఎముక ప్లేటు అంచుల మీదుగా పెరిగి దాన్ని కప్పేస్తుంది. ఆ కొత్త ఎముకను ఉలితో చెక్కితే తప్ప స్క్రూ తలలు కనబడవు. పైగా టైటానియం ఉపరితలాన్ని ఎముక గట్టిగా పట్టుకుంటుంది. లాకింగ్ ప్లేటులో స్క్రూ తలకు కూడా మరలుంటాయి. బిగించేటప్పుడు అవి కాస్త వంకరగా ఎక్కినా, అతిగా బిగిసినా, తర్వాత ప్లేటుతో అతుక్కుపోయినట్టే అవుతాయి. అప్పుడు బలవంతంగా తిప్పితే స్క్రూ తలలోని గాడి అరిగిపోతుంది, లేదా తల తెగిపోతుంది. ఇక ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టరు (విప్పే దిశలో తిప్పేకొద్దీ స్క్రూను పట్టుకునే పనిముట్టు), తలను తొలిచే గట్టి డ్రిల్లు, స్క్రూ చుట్టూ ఎముకను కోసే బోలు రంపం అవసరమవుతాయి. మిగిలిన ముక్క కోసం మంచి ఎముకను తవ్వకుండా వదిలేయడమే సరైనదని నాకూ అనిపించింది.

మరో ఇబ్బంది కాగితాలది. మొదటి ఆసుపత్రి డిశ్చార్జి చీటీలో ‘ప్లేటు వేయబడినది’ అని మాత్రమే ఉంది; ఏ కంపెనీదో, స్క్రూల సైజు ఎంతో లేదు. స్క్రూ తలలో కొన్నింటికి ఆరు పలకల గాడి, కొన్నింటికి నక్షత్రపు గాడి ఉంటుంది. సరిపోని స్క్రూడ్రైవరు ఆ గాడిని ఇంకా పాడుచేస్తుంది. ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కర్ నకలును మొదటి ఆపరేషన్ రోజునే అడిగి తీసుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు.

ప్లేటుకు బదులు పిల్లలకు ఎముక లోపల వేసే వంగే నెయిల్స్ (సన్నని లోహపు కడ్డీలు) చివరలు మోకాలి దగ్గర చర్మాన్ని గుచ్చుతుంటాయి కాబట్టి వాటిని సాధారణంగా ఏడాదిలోపే తీస్తారు. నొప్పి లేని ప్లేటును తీయాలా వద్దా అన్నదానిపై మాత్రం డాక్టర్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి.

స్క్రూలు తీసిన రంధ్రాలు పూడేవరకు ఎముక అక్కడ బలహీనంగా ఉండి మళ్లీ విరిగే ప్రమాదం ఉంది. అందుకే వాడు నడవవచ్చు గానీ, ఎక్స్‌రే చూసి సరేననే దాకా కబడ్డీ ఆడకూడదని, ట్రాక్టరు మీది నుంచి దూకకూడదని డాక్టరు గట్టిగా చెప్పి పంపించారు.