శ్లాబు మీద ట్యాంకు

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావయ్య మళ్లీ మొదలెట్టారు. “మా ఇల్లు డెబ్బై అయిదులో కట్టింది. చెక్కు చెదరలేదు. మీ కాలం ఇంజనీర్లకి ఇనుము దగ్గర కక్కుర్తిరా!” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఇంత రాత్రయినా నిద్ర పట్టడం లేదు.

పైగా ఆ శ్లాబు నడిమధ్యలో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టిస్తారట. నీళ్లే టన్ను బరువు, అదీ దాదాపు చదరపు మీటరు జాగాలో. మనుషులు తిరిగే డాబాకి మేం పట్టే లెక్క చదరపు మీటరుకి 150 కిలోలు. ఆ మాటంటే “నువ్వు పుట్టకముందు శ్లాబురా అది” అన్నారు. నా భయమూ అదే కదా!

కాలేజీ ల్యాబులో మొదటిసారి రాడ్డు లాగి తెంపిన రోజు గుర్తొచ్చింది. మిషన్లో బిగించి లాగుతుంటే ముల్లు పైకి పోతూ పోతూ ఒకచోట తడబడి ఆగింది. బరువు పెరగడం లేదు, రాడ్డు మాత్రం సాగిపోతోంది. “అదిగో, లొంగింది” అన్నారు సార్. తర్వాత మళ్లీ పుంజుకుంది, నడుం సన్నబడింది, ఢామ్మని తెగింది. అందరం వెనక్కి గెంతాం. ముక్క ముట్టుకుంటే వెచ్చగా ఉంది. రికార్డులో గీసిన గ్రాఫు మర్చిపోయాను గానీ ఆ వేడి మర్చిపోలేదు.

మావయ్య కాలం మైల్డ్ స్టీలు చదరపు మిల్లీమీటరుకి 250 న్యూటన్ల దగ్గర లొంగుతుంది. రోజువారీ బరువుకి రాడ్డు మీద పడే లాగుడుకి హద్దు పెట్టే పాత వర్కింగ్ స్ట్రెస్ పద్ధతిలో దాన్ని 140 దాటనిచ్చేవారు కాదు. 1978లో మన కాంక్రీటు కట్టడాల నియమావళి ఐఎస్ 456లోకి లిమిట్ స్టేట్ అనే కొత్త లెక్క పద్ధతి వచ్చింది. అందులో బరువుని ఒకటిన్నర రెట్లు చేసి, స్టీలు బలాన్ని 1.15తో భాగిస్తాం. ఇందులో కక్కుర్తి ఎక్కడుంది?

ఇక్కడిదాకా కోపంగా టైపు చేసి, ఊరికే లెక్క వేశాను. 415 న్యూటన్ల దగ్గర లొంగే ఇప్పటి రాడ్డు మీద మామూలు రోజుల్లో పడేది సుమారు 240. పాత పద్ధతిలోనూ దానికి 230 ఇచ్చేవారు. అంటే ఇనుము తగ్గింది పద్ధతి మారినందుకు కాదు, రాడ్డు మారినందుకు. కానీ రాడ్డు బలం పెరిగినా, అంతే లాగుడుకి అంతే సాగే గుణం మారలేదు. 140 మోసేదానికంటే 240 మోసేది ఎక్కువ సాగుతుంది, కాంక్రీటులో పగులు వెడల్పవుతుంది. రాడ్డు మీది గాట్లు కాంక్రీటుని పట్టుకుంటాయి కాబట్టి కొంత నయం. పగుళ్ల విషయంలో మాత్రం మావయ్య మాటలో కాస్త నిజముంది, ఖర్మ!

రేపు ఫోన్ చేసి ట్యాంకుని మెట్లగది మీద, కింద బీములున్న చోట పెట్టించమంటాను. పగుళ్ల సంగతి మాత్రం చెప్పను. తెలిస్తే వచ్చే పండక్కి ఊరంతా చాటేస్తారు.