పిట్ట ఎవరికీ చెప్పదు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వ్యూర్జ్‌బుర్గ్‌కు రైలులో గంట పైచిలుకు ప్రయాణం. దిగినవాళ్లలో ఎక్కువమంది రాజభవనం దారి పట్టారు. నేను, మా చెల్లెలు నోయ్‌మ్యున్‌స్టర్ చర్చి వెనకనున్న చిన్న తోట కోసం వెతికాం. పక్క సందులోని గుమ్మాన్ని గమనించకుండా రెండుసార్లు దాటిపోయాం.

లోపల పన్నెండో శతాబ్దపు మఠం నడవాలో ఒక్క వైపు స్తంభాల వరస మాత్రం మిగిలింది. మధ్యలో 1930లో పెట్టిన స్మారక శిల. వాల్టర్ ఫాన్ డెర్ ఫోగెల్‌వైడె అనే జర్మన్ కవి, పాటగాడిని 1230 ప్రాంతంలో ఈ మఠంలోనే పాతిపెట్టారంటారు. ఇంటిపేరుకు అర్థం పిట్టల మేతబీడు. తన సమాధి మీద రోజూ పిట్టలకు మేత వేయమని కోరాడని ఐతిహ్యం. రాతి మీద అందుకోసమే గుంటలు తొలిచారు. మేం వెళ్లినప్పుడు వాటిలో వాననీళ్లున్నాయి.

“పిట్టల గిన్నెలు చూడటానికా అన్నయ్యా, ఇంత పొద్దున్నే లేపావు?” అంది చెల్లెలు.

సాటి కవుల ప్రస్తావనలు వదిలేస్తే, వాల్టర్ బతికుండగా అతని గురించి రాసిపెట్టిన రాత ఒక్కటే దొరికింది. 1203 నవంబరు 12న పాసావ్ బిషప్పు ఖర్చుల పద్దులో, పాటగాడు వాల్టర్‌కు బొచ్చుకోటు కోసం అయిదు షిల్లింగులు ఇచ్చినట్టుంది. చలికాలం ముందు కోటు లేని కవి! ఆ పద్దు వల్లే నాకు అతని మీద ఇష్టం కలిగింది.

ఆ కాలపు జర్మన్ ప్రేమపాటల్లో సాధారణంగా దొరసాని పలకదు, వీరుడు ఏళ్ల తరబడి వేడుకుంటాడు. నాకు ఆ వరస తొందరగానే విసుగు పుట్టించింది. వాల్టర్ కూడా అలాంటివి రాశాడు. కానీ ‘లిండెన్ చెట్టు కింద’ అనే అతని పాటలో మాట్లాడేది ఒక అమ్మాయి. బయట పచ్చికలో నలిగిన పూలు చూస్తే మా పడక ఎక్కడో తెలిసిపోతుంది అంటుంది. ముద్దులకు పెదవులెంత ఎర్రబడ్డాయో చూడమంటుంది. ఎవరికైనా తెలిస్తే సిగ్గుతో చస్తానని, తెలిసింది తనకూ అతనికీ ఒక చిన్న పిట్టకూ మాత్రమేనని, ఆ పిట్ట నమ్మకమైనదని చెబుతుంది. మగవాడు ఆడగొంతుతో పాట కట్టడం క్షేత్రయ్య పదాలు విన్న మనకు కొత్త కాదు. ఆ పదాల్లో నాయిక తరచూ సఖి చెవిలో చెప్పుకుంటుంది. ఈ పిల్ల గుట్టు అంటూనే లోకమంతటికీ పాడేసింది.

ఆ పాటకు వాల్టర్ కట్టిన బాణీ మనకు దక్కలేదు. ఒక పాత ఫ్రెంచి పాట వరసను అరువు తెచ్చుకుని పాడుతుంటారు. పిట్ట కూతగా రాసిన “తందరదై” అన్న మాటను మేమిద్దరం తోచిన రాగంలో అనుకుని నవ్వుకున్నాం.

చెల్లెలు బ్రెడ్డు తుంపి రాతి మీద వేసింది. ఒక్క పిట్టా రాలేదు. అంతలో ఒక పెద్దావిడ వచ్చి, శిల మీద గులాబీ ఒకటి ఉంచి, బెంచీ చివర కూర్చుంది. ఎవరి కోసమని అడగబోతున్న చెల్లెల్ని చేయి పట్టి ఆపాను.