క్రాకూవ్‌లో జోషాలు, ఆంతెక్‌లు

మా తమ్ముడు పోలండ్‌లోని క్రాకూవ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, పోయినేడు వాడి దగ్గర పది రోజులున్నా. నవంబర్ 1 అక్కడ సెలవు, ఊరు ఊరంతా దీపాలు పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్తారు. పక్క ఫ్లాట్ పెద్దావిడ హలీనా గారు (మనం వెనక గారు పెట్టినట్టు వాళ్ళు ముందు పానీ అంటారు) మీరూ రండి అంటే వెంటనే బయల్దేరిపోయా.

రకోవిత్స్కీ శ్మశానం 1803 నాటిది, కవయిత్రి షింబోర్స్కా సమాధి కూడా అక్కడే ఉంది. నేను మాత్రం రాళ్ళ మీద పేర్లే చదువుకుంటూ నడిచా. పాతవాటి మీద జోఫ్యా, ఆంతోని, ఫ్రాంచిషెక్, స్తనిస్వాఫ్. కొంచెం కొత్తవాటి మీద క్రిస్తినా, దనూతా, గ్రజీనా. ఈ గ్రజీనా అన్నది మిత్స్‌కేవిచ్ అనే మహాకవి 1823లో తన కావ్యం కోసం కల్పించిన పేరంట, తర్వాత జనం నిజంగానే ఆడపిల్లలకి పెట్టుకున్నారు, ఎంత ముచ్చటేసిందో!

హలీనా గారబ్బాయి తొమాష్, కోడలు అగ్నియెష్కా, 70ల చివర్లో పుట్టినవాళ్ళు, ఆవిడ క్లాసులో నలుగురు అగ్నియెష్కాలు ఉండేవాళ్ళట. ఇప్పటి పిల్లలకి మాత్రం మళ్ళీ ముత్తాతల పేర్లే. దారి పొడుగునా "జోషా!" "ఆంతెక్!" "ఫ్రానెక్!" అని పిలుపులు, తిరిగి చూస్తే అందరూ నాలుగైదేళ్ళ బుడతలు. జోఫ్యా ముద్దుపేరే జోషా, ఆంతోనిది ఆంతెక్, ఫ్రాంచిషెక్‌ది ఫ్రానెక్.

మీ పేరు కూడా పెడుతున్నారా అని హలీనా గారిని అడిగా. తొమాష్ ఇంగ్లీషులో చెప్పాడు, "అమ్మమ్మ పేరుకి టైమొచ్చింది, మా అమ్మ పేరింకా ముసలివాళ్ళ పేరే" అని. అయినా జులై 1న ఆవిడ పేరు పండగ, వాళ్ళ క్యాలెండర్‌లో ప్రతి తారీఖు కింద పేర్లుంటాయి, ఆ రోజు పొద్దుట్నించీ ఫోన్లు మోగుతూనే ఉంటాయట, పుట్టినరోజు కన్నా అదే ముఖ్యం ఆ వయసువాళ్ళకి. మా నానమ్మ సుబ్బమ్మ పేరు మా ఇంట్లో ఒక్కరికీ పెట్టలేదు, ఆ రోజు అది చాలా బాధనిపించింది.

చివరికి హలీనా గారి అమ్మగారి సమాధి. ఆరేళ్ళ మనవరాలు జోషా గ్లవ్ తీసేసి, రాతి మీద ఆకులు తుడిచి, అక్షరాల్లో వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కుంది, జో... ఫ్యా. తర్వాత ఎర్రగాజు దీపం తనే వెలిగిస్తానని అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపింది.