అప్పన్న దర్శనం, తాతయ్య ప్లాంటు

"దేవుడు కనబడనేలేదు కదమ్మా, మరి మనం ఏం చూసినట్టు?" అన్నాడు మావాడు, సింహాచలం కొండ దిగుతుంటే. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు నాన్నా, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే అన్నాను. "అయితే రాంగ్ డేట్‌కి వచ్చాం" అని తేల్చేశాడు. వాళ్ల బడి సెలవులు అప్పన్నను అడిగి ఇస్తారా ఏంటి!

విశాఖ వెళ్తే నా లిస్టు మారదు. సింహాచలంలో కప్పస్తంభం, 1516లో రాయలవారు వచ్చి వేయించిన శాసనం, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, భీమిలి రోడ్డులో తొట్లకొండ. పిల్లలకు మూలాలు తెలియాలంటే ఇలా తిప్పాలని అమెరికాలో ఫ్రెండ్స్‌కి ఉచిత సలహాలు కూడా ఇస్తుంటాను. తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటితొట్లు చూపిస్తూ, బౌద్ధ భిక్షువులు వానాకాలమంతా ఒక్కచోటే ఎందుకు ఉండేవారో నేను లెక్చర్ దంచుతుంటే, వాడు మాత్రం సముద్రంలో ఆగి ఉన్న ఓడలనే చూస్తున్నాడు.

"అవెందుకు కదలట్లేదు తాతయ్యా?"

అంతే, మా నాన్న మొదలుపెట్టారు. రేవులో బెర్తు ఖాళీ అయ్యేదాకా అలా ఆగుతాయని, స్టీల్ ప్లాంటుకి కోకింగ్ బొగ్గు చాలావరకు విదేశాల నుంచి ఓడల్లోనే వస్తుందని, దాన్ని కోక్ ఓవెన్లలో గాలి తగలకుండా వేడిచేసి కోక్‌గా మార్చాకే ఫర్నేసుకి పంపుతారని, ఆ బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని. కొలిమికి నది పేరేంటని వాడు పడీపడీ నవ్వాడు. తర్వాత, అది చూడొచ్చా అన్నాడు.

పాస్ కావాలి, అంత తేలిగ్గా ఇవ్వరు అని మధ్యలో దూరి చెప్పింది నేనే. సింహాచలంలో క్యూ తప్పించుకోడానికి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసిన మనిషిని. పాస్ కోసం ఒక్క ఫోన్ చేయలేదు.

స్టీల్ ప్లాంటు వాళ్ల ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాను. నాన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే టీవీ సౌండ్ తగ్గించాలని చిరాకుపడటమే తప్ప, లోపల మీరేం చేస్తారని ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. బాగా చదివి అక్కణ్ణుంచి బయటపడాలన్నదే ధ్యాస. 2021లో ప్రైవేటీకరణ వార్త వచ్చినప్పుడు ఆయన రోజూ ఫోన్లో అదే చెబుతుంటే, బీపీ పెరుగుతుంది, టీవీ కట్టెయ్యండి అన్నాను.

మూలాలు అని నేను వాడికి అంటగట్టేవి నాకైనా ఎంత తెలుసు? రాయల శాసనం కూడా గైడు చెబితే విన్నదే. అలాగని గుళ్లకు తిప్పడం మానేస్తానా అంటే, మానను. ఈసారి పాస్ సంగతి నాన్నను అడగాలి. ఆయనకెంత సంబరమో తెలుసు. ఇన్నేళ్లూ నువ్వెందుకు అడగలేదే అంటారేమోనని టెన్షన్.